గట్టు తగలని పాట

నర్సరీలో నా పని లోడు లెక్క. ఏ లారీలో ఏ మొక్క ఎన్ని వరసలు పడుతుందో, కింది వరస ఎంత బరువు ఆపుతుందో, ఎండలో ఎంత దూరం వాడిపోకుండా వెళ్తుందో చూసి చెప్తాను. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. తప్పులు చేస్తూ, దిద్దుకుంటూ పట్టుబడింది. హాలెండ్ నుంచి పాటల వాళ్ళు కడియం వచ్చి మా నర్సరీలో దిగినప్పుడు, వాళ్ళకి కావలసినవి చూసే పని మా ఓనరుగారు నాకే అప్పజెప్పారు.

వాళ్ళది కూడా నదులు సముద్రంలో కలిసే చోటేనట. అలాంటి నేలల్లో పనిచేసేవాళ్ళ పాటలు దేశదేశాల్లో రికార్డులో పట్టుకుని, వాళ్ళ వాయిద్యాలు జతచేసి సినిమా తీస్తున్నారు. వాళ్ళ మాట మనకీ మన మాట వాళ్ళకీ చెప్పడానికి కాకినాడ అమ్మాయి ఒకతె వెంట వచ్చింది. "ఊడ్పు పాటలు పాడేవాళ్ళు ఎవరైనా ఉన్నారాండీ?" అని ఆ అమ్మాయి అడగ్గానే మా అక్క ఉందన్నాను.

అక్క వయసొచ్చినప్పటి నుంచి వరినాట్లకి వెళ్ళింది. వరసలో పాట ఎత్తుకునేది ఆమే. కానీ అప్పటికే ఆమె మెడలో గడ్డ లేచింది. ఆపరేషన్ చేయాలన్నారు. తర్వాత గొంతు ఎలా ఉంటుందని అడిగితే చెప్పలేమన్నారు డాక్టరుగారు. నేను ఊరుకోలేదు.

"వందలో ఎంతమందికి పోతుందండీ?"

"ఆ లెక్క మీకెందుకండీ? మీ అక్కగారికి పోతే నూటికి నూరు, పోకపోతే సున్నా" అన్నారాయన.

బస్సులో తిరిగి వస్తూ ఆ మాట తిప్పి తిప్పి చూశాను. తప్పు దొరకలేదు.

అక్క మాత్రం ఆ పాటల వాళ్ళ సంగతి చెప్తే సంబరపడింది. "మొత్తం పాట పట్టించరా తమ్ముడూ. పోతే పోద్ది గొంతు. నా పాట నేనెప్పుడూ వినలేదు. వంగున్నోళ్ళకి బురద కనపడద్ది గానీ పాటేం వినపడద్ది?"

ఆ పాట ఇలా నడుస్తుంది. అక్క ఒక చరణం ఎత్తుకుంటుంది: "గట్టు మీద కొంగమ్మా, ఎంత దూరమే?" వరసలో మిగతా ఆడవాళ్ళు అందుకుంటారు: "వంగిన నడుముకి ఎంతో దూరమే." వాళ్ళు అందుకునేంతసేపూ అక్క నోరు మూసుకుని నాటుతూ వెనక్కి అడుగేస్తుంది. మళ్ళీ ఎత్తుకుంటుంది. నాట్లు వెనక్కి నడుస్తూ వేస్తారు కదా, ఎప్పుడు మడమకి గట్టు తగిలితే అప్పుడు పాట అయిపోయినట్టు. చిన్న మడిలో చిన్న పాట, పెద్ద మడిలో పెద్ద పాట.

వాళ్ళు వచ్చింది ఏప్రిల్‌లో. రెండో పంట దాళ్వా కోతలు మొదలవుతున్నాయి, నాట్లు ఎక్కడా లేవు. అక్కతో పాడిన ఆడవాళ్ళు రొయ్యల షెడ్డుకి వెళ్తున్నారు. వెళ్ళి వాళ్ళని ఒక్క పూట పంపమని సూపర్‌వైజర్‌ని అడిగాను. "కంటైనరు ఎక్కించే వారంలో ఎవర్నీ వదలనండి" అన్నాడు. లోడు తొందర నాకు తెలియనిది కాదు. వచ్చేశాను. పాటల వాళ్ళేమో ఫర్వాలేదు, అసలు గొంతు ఒక్కటి చాలన్నారు. రెండు రోజుల్లో వాళ్ళ ప్రయాణం.

చర్చి పక్కన సండే స్కూలు గదిలో గోడలకి పరుపులు నిలబెట్టారు. ఫ్యాను ఆపేశారు. బయట కాకులు అరుస్తుంటే మైకు పట్టుకున్న పొడుగాయన చేయెత్తి ఆగమన్నాడు.

"కాకుల్ని ఆపమంటాడేంట్రా? మనమేవన్నా జీతం ఇత్తన్నామా వాటికి?" అంది అక్క చెమట తుడుచుకుంటూ.

పాట మొదలుపెట్టింది. అలవాటు కొద్దీ ఒక్కో చరణానికీ ఒక్కో అడుగు వెనక్కి వేసింది. నాలుగు చరణాలు అయ్యేసరికి మడమకి బెంచీ తగిలింది. ఠక్కున ఆపేసింది.

"అయిపోయిందా?" అని ఆ అమ్మాయి నన్నడిగింది.

"అయిపోలేదమ్మా, గది అయిపోయింది" అన్నాను.

ఆయనకి ఇదంతా చెప్పించాను. ఆయన శ్రద్ధగా విని, అడుగుల చప్పుడు కూడా వస్తోందని అక్కని కుర్చీలో కూర్చోబెట్టాడు. కూర్చుని అక్క ఎత్తుకుంది. చరణం పాడి, మిగతావాళ్ళు అందుకునేంతసేపు కళ్ళు మూసుకుని ఆగింది. మళ్ళీ పాడింది. మళ్ళీ ఆగింది. ఆ ఆగిన చోటల్లా నేను వేలి కణుపులు లెక్కపెట్టాను. ప్రతిసారీ ఒకే కొలత, కణుపు కూడా తేడా రాలేదు. గట్టు లేదు గనక ఎక్కడ ఆపాలో ఆమెకి తెలియలేదు. దగ్గు వచ్చేదాకా పాడింది.

"ఆగినప్పుడు కూడా పాటేనండి. అవి తీసేయొద్దని చెప్పమ్మా" అన్నాను. ఆ అమ్మాయి చెప్పింది. పొడుగాయన నవ్వుతూ తలూపి, నా చేయి పట్టుకుని ఊపాడు. అర్థమైందనే అనుకున్నాను. మంచి మనిషి. వెళ్తూ అక్క కాళ్ళకి దణ్ణం కూడా పెట్టాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. గడ్డ పోయింది. గొంతూ పోయింది. ఇప్పుడు అక్క మాట్లాడితే మాటకంటే గాలి ఎక్కువ వస్తుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. "పాట పట్టించావుగా" అని చేత్తో సైగ చేసింది.

చలికాలంలో సినిమా లింకు వచ్చింది. అక్కడ పెద్ద హాల్లో వేస్తే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారని రాశారు. ఫోను తీసుకుని అక్క ఇంటికి వెళ్ళాను. వాళ్ళ నీళ్ళు, మన నీళ్ళు, వాళ్ళ తీగల వాయిద్యం. బాగుంది. అందులోంచి అక్క గొంతు గంటలా వచ్చింది. కానీ ఆగిన చోట్లన్నీ తీసేశారు. చరణం వెనకే చరణం అతికించారు.

పూర్తి పాట ఉంటే పంపమని ఆ అమ్మాయి ద్వారా రాయించాను. సినిమా పూర్తయ్యాక మిగతాది దాచలేదని, చాలా చింతిస్తున్నామని మర్యాదగా జవాబు వచ్చింది. ఆ ఖాళీల కొలత నా వేళ్ళకి ఇంకా గుర్తుంది. దాన్ని తీసుకెళ్ళి ఎక్కడ పెట్టాలో తెలియదు.

సినిమా చూసిన ఆ రోజు అక్క ఫోను ఒళ్ళో పెట్టుకుని రెండోసారి వేయమంది. "ఎంత దూరమే?" అని తన పాత గొంతు అడగ్గానే, ఉన్న గాలి కూడదీసుకుని "వంగిన నడుముకి..." అని అందుకోబోయింది. సగంలో ఉండగానే తర్వాతి చరణం మీద పడిపోయింది. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ అదే జరిగింది.

"ఆపెయ్యరా" అంది చివరికి. "అది పరిగెడతంది. నేను అందుకోలేకపోతన్నాను."

నేను ఫోను ఆపాను. అక్క కాలు కొంచెం కొంచెంగా వెనక్కి జరుపుతూ కూర్చుంది, మడమకి మంచం కోడు తగిలేదాకా.