చిన్నాయన కోరుకున్న కారు

మా తాత ఎవరో తెల్లదొర దగ్గర కొన్న ఇంగ్లండు కారు అది. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య తయారైంది, ఆరు సిలిండర్ల బండి. పుంగనూరులో మా ఇంటి పక్క రేకుల షెడ్డులో ఉండేది. మా తలలకు నూనె పెట్టిన పాపాన పోలేదు గానీ, దాని ఇంజనుకు మాత్రం మా నాయన వారం తప్పకుండా పోసేవాడు. నాకు దాన్ని చూస్తే ఒళ్లు మండేది.

తొంభైల చివర్లో ఆస్తి పంపకాలు వచ్చాయి. మా వైపు పెద్దవాడు భాగాలు వేస్తే, చిన్నవాడు ముందు ఏరుకుంటాడు. మా నాయన తెలివి చూడండి. బావి కింద చేనంతా ఒక భాగం, రాళ్ల గుట్టా కారూ ఇంకో భాగం. నీళ్లున్న చేను వదిలి పాత ఇనుము ఎవడు కోరుకుంటాడులే అని ధీమా. కుప్పంలో కాపురముండే మా చిన్నాయన పెద్దమనుషుల ముందు నిలబడి కారు భాగమే కోరుకున్నాడు.

నాయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "బావి చేను గూడా నువ్వే తీసుకోరా. కారు నాకిడిసిపెట్టు" అన్నాడు.

"సిన్నప్పట్నుంచీ తోసేదానికే నన్ను పిలిస్తివి గదన్నా. ఒక్కనాడన్నా స్టీరింగు పట్టుకోనిస్తివా?" అంటూ చిన్నాయన షెడ్డులోకి పోయి సమ్మెట ఎత్తాడు.

ముందు లైట్లు పగిలాయి, తర్వాత అద్దం. అతని భాగం అతని ఇష్టమని పెద్దమనుషులు కదల్లేదు. బానెట్ మీద దెబ్బ పడబోతుంటే నాయన ఉరికిపోయి చెయ్యి అడ్డం పెట్టాడు. సమ్మెట ఆగలేదు. మణికట్టు విరిగిన చప్పుడు నాకు వినిపించింది. డిగ్రీ చదివే ఆడపిల్లనన్న సంగతే మరిచిపోయి చిన్నాయన మీద పడి గుద్దాను, రక్కాను, భుజం కొరికాను. నిజంగా చంపేయాలనే ఉండింది. ఆయన తిరిగి కొట్టలేదు. సమ్మెట వదిలేసి నిలబడ్డాడు.

మదనపల్లె ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎవరు కొట్టారని అడిగింది. కొట్లాట అయితే పోలీసులకు చెప్పాల్సి ఉంటుందంది. చిన్నాయన తలుపు దగ్గరే ఉన్నాడు. నేను వేలెత్తి చూపబోయాను. నాయన నా కాలు గట్టిగా తొక్కాడు.

"ఎవురూ కొట్టలేదమ్మా. ముందరుండే హ్యాండిలు తిప్పి కారు స్టార్టు చేస్తాంటే, అది ఎనక్కి తన్నింది. పాత బండి. దాన్ని నమ్మేదానికి లేదు."

ఆ కారును మా నాయన ఒక మాట అనగా నేను విన్నది అదొక్కసారే.