మూడో సిట్టింగులో అమ్మ మీద అరిచాను

మెదక్‌లో మా అమ్మ బడి పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతుంది. పెద్ద గంజుల్లో గరిటె తిప్పీ తిప్పీ కుడి మోచేతికి ఏడాదిగా నొప్పి. అది తగ్గకపోతే పని మానుకోవాల్సిందే. డాక్టరు షాక్‌వేవ్ చేయించమన్నారు. నొప్పి ఉన్నచోట మెషిన్ పెడితే టకటకా కొడుతుంది. మొదటిసారి అమ్మ "అబ్బా" అని మెలికలు తిరిగిపోతే నేను ఏడ్చేశాను.

తర్వాతి రెండుసార్లు ఆమె కిక్కురుమనలేదు. మూడోసారి ఫిజియోథెరపీ మేడం అనుమానంతో మోచేయంతా నొక్కి చూసింది.

"నొప్పి ఏడుందో చెప్పకుంటే మెషిన్ ఏడ పెట్టాలమ్మా?"

"నొప్పి లేదు మేడం. గోలీ ఏస్కొని వచ్చిన," అంది అమ్మ మెల్లగా.

"గోలీలు వద్దని మొదటి దినమే చెప్పిన గద! రెండు సిట్టింగులు అట్టిగనే పాయె."

నలుగురిలో పెదవి విప్పని నేను ఒక్కసారిగా అరిచాను. "దిమాక్ ఉన్నదా అమ్మా నీకు?"

గదిలో అందరూ మా వైపు తిరిగారు. అమ్మ తల వంచుకుంది.

"ఎందుకేస్కున్నరు మరి?" మేడం అడిగింది.

"మొదటిసారి నేను మొత్తుకుంటే మా పోరి ఏడ్సింది మేడం. ఇంటికి పోయినంక బువ్వ గూడ ముట్టలే."

వారం తర్వాత గోలీ లేకుండా మళ్ళీ మొదలుపెట్టారు. అమ్మ గట్టిగా కేక వేసి, వెంటనే నా ముఖంలోకి చూసింది. కష్టం మీద నవ్వాను.

ఇప్పుడు చేయి చాలావరకు నయమైంది. ఆ రోజు అన్న మాటకు క్షమాపణ డైరీలో ఎన్నోసార్లు రాసుకున్నాను. అమ్మ ఎదుట మాత్రం అరవడానికి లేచిన గొంతు అందుకు లేవడం లేదు.