ఎదురుకాళ్ల వైద్యం

సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలకు, మా ఇంటికి నూట నలభై మీటర్ల దూరంలో, ముప్పై అయిదు సెంటీమీటర్ల ఎత్తున్న చేను గట్టు దిగుతూ నన్ను కన్న మా అవ్వ కాలు మడతపడింది. ఆమె వయసు అరవై తొమ్మిది. కుడి చీలమండ చుట్టుకొలత ఇరవై అయిదు సెంటీమీటర్లు, ఎడమది ఇరవై రెండున్నర. పదకొండు కిలోమీటర్ల దూరంలోని బోథ్ ఆసుపత్రికి తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించాను. ఎముక విరగలేదు, నరం బెణికింది.

పదిరోజుల్లో పత్తి ఏరాలి. మొదటి ఏరుడు ప్రతి ఏడూ ఆమె చేతి మీదే జరుగుతుంది. అందుకే డాక్టరు చెప్పినది చెప్పినట్టు చేశాను: కాలు దిండు మీద ఎత్తుగా, ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి పదిహేను నిమిషాలు, సాగే పట్టీ, నూనె పట్టడం నిషిద్ధం.

చూడవచ్చిన వాళ్లలో ఈ నాలుగూ గుర్తుంచుకోగల బుర్ర ఒక్కటీ లేదు. వాళ్లకు గుర్తున్నది నా పుట్టుక. ప్రసవంలో తలకంటే ముందు నా పాదాలు బయటికొచ్చాయి. ఎదురుకాళ్లతో పుట్టినవాడు తొక్కితే బెణుకులు పోతాయని మా ఊరి విజ్ఞానం. చిన్నప్పుడు నడుము పట్టిన ప్రతి సోమరీ నన్ను వీపు మీద నిలబెట్టుకున్నాడు. సివిల్ ఇంజనీరింగ్ డిప్లొమాలో చేరాక తొక్కడం మానేశాను.

"జర కాలు ఆనియ్ బిడ్డా. నీదేం బోతది?" అంది అవ్వ.

"బుద్ధి ఉన్నోళ్లు చేసే పనేనా అవ్వా?"

పక్కింటి చిన్నమ్మ నవ్వింది. "సదువుకున్న కాలు గదక్కా, మన మీద ఆనదు."

మరుసటి రోజు పొద్దున నేను కాలువ కొలతల పనికి వెళ్లాను. అయిదు గంటల తరువాత తిరిగి వచ్చేసరికి పట్టీ విప్పేసి ఉంది, కాలు నిండా వేడి ఆముదం. చుట్టుకొలత ఇరవై తొమ్మిది. ఊళ్లో ఎదురుకాళ్లతో పుట్టిన మరో మహానుభావుడు ఉన్నాడు, ట్రాక్టరు డ్రైవరు. పత్తి కాంటా మీద అతని బరువు ఎనభై ఆరు కిలోలు.

"మూడుమార్లు తొక్కిండు. పాణం పోయినంత పనైంది," అంది అవ్వ గర్వంగా. "ఇగ తగ్గుతది."

మళ్లీ బోథ్. ఈసారి బయటివైపు ఎముక చిట్లింది.

"ఎవరు తొక్కమన్నరు?" అన్నాడు డాక్టరు.

అవ్వ నావైపు వేలు చూపింది. "గీ కొడుకు తొక్కనన్నడు సారూ. అందుకే వేరేటోన్ని పిలిసినం."

ఆ మూర్ఖత్వంలో తప్పెక్కడుందో వెతుకుతూ, ఎక్స్‌రేను వెలుతురుకు ఎత్తి పట్టాను. తప్పు ఆమె తర్కంలో లేదు. నేను బొటనవేలు ఒక్క క్షణం ఆనించి ఉంటే ఆమె తృప్తిపడి, పట్టీ విప్పకుండా పడుకునేది. రోగి నమ్మకాన్ని కూడా కొలతల్లోకి తీసుకోవాలని తెలియని నా చదువు, ఆ డ్రైవరు మడమకంటే తేలికైనదేమీ కాదు.

మొత్తం: ఎక్స్‌రేలు రెండు. సిమెంటు కట్టు అయిదు వారాలు. అవ్వ ఏరలేకపోయిన విడతలు రెండు. కూలీలు దొరక్క చేనులోనే వానకు తడిసిన పత్తి ఒకటింబావు క్వింటాలు. కుడి పాదం పైకి వంగడంలో తగ్గినది పన్నెండు డిగ్రీలు. చేతికర్ర ఒకటి, ఇప్పటికీ వాడుకలో ఉంది.