మణికట్టు నుంచి పది

మార్కాపురం పలకల గనుల్లో శాంతయ్య ముప్పై ఏళ్లు రాయి చీల్చాడు. బడి సెలవుల్లో కొడుకు ఏలీయా చేతికి కూడా ఉలి, సుత్తి ఇచ్చేవాడు. దెబ్బ కాస్త బరువైతే పలక అడ్డంగా విరుగుతుంది. పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి ఏలీయా చీల్చిన గుట్టలో విరిగిన పలక వెతికినా దొరికేది కాదు.

ఆ చేతితోనే అతను సైన్యంలో చేరాడు. ఉత్తర సరిహద్దు కొండల్లో మంచుచరియల ముప్పును అంచనా వేసే దళంలో పదకొండేళ్లు పనిచేశాడు. మంచులో గొయ్యి తవ్వి, పొరలు కనిపించేలా గోడను నున్నగా చెక్కాలి. అడుగు పొడవు, అడుగు వెడల్పు గల స్తంభాన్ని విడదీసి, దాని మీద పార రేకు పెట్టి చేత్తో తట్టాలి: మణికట్టు నుంచి పది, మోచేతి నుంచి పది, భుజం నుంచి పది. ఎన్నో దెబ్బకు లోపలి పొర జారితే అదే అంకె. అంకె ఎంత చిన్నదైతే ఆ వాలు అంత ప్రమాదకరం. ఇరవైలోపు వస్తే దారి మూసేయాలన్నది ఆ దళం నియమం.

ఆ జనవరి ఉదయం ఇరవై ఒకటి వచ్చింది. అడుగున ఉప్పు రవ్వలాంటి, పట్టులేని పొర ఒకటుందని ఏలీయా పుస్తకంలో రాశాడు. అయినా అంకె ఇరవై దాటిందని దారి తెరిచారు.

"మా బావ తట్టినాక ఇంక భయమేంది?" అంటూ మాలకొండయ్య ముందు నడిచాడు. మార్కాపురం దగ్గరి రాచర్ల నుంచి వచ్చిన తోటి జవాను, ఏలీయాను వరస కలిపి బావా అనేవాడు.

"మెల్లిగా పో. గొర్రెల ఎనక ఉరికినట్ల కాదు," అన్నాడు ఏలీయా.

సగం దాటాక వాలంతా కదిలింది. మాలకొండయ్య శవం మూడో రోజు దొరికింది.

ప్రకృతి వైపరీత్యమని విచారణ తేల్చింది. ఆగస్టు శిక్షణలో అందరి చేతా ఒక కొలత పరికరం మీద తట్టించారు. మిగతావారి దెబ్బలో ఏలీయా దెబ్బ మూడింట రెండు వంతులే ఉంది. పసిపిల్లను జోకొడుతున్నావా అని శిక్షకుడు నవ్వాడు. ఏలీయా లెక్క వేసుకున్నాడు. మరొకరి చేతికి ఆ స్తంభం పద్నాలుగో, పదిహేనో దెబ్బకే జారి ఉండేది. ఆ సంగతి పై అధికారికి రాసి ఇచ్చాడు. విచారణ ముగిసిందని ఒక్క వాక్యం జవాబు వచ్చింది. నెల రోజులు సాధన చేసి దెబ్బ సరిచేసుకున్నాడు.

సైన్యం నుంచి విడుదలై ఇంటికి చేరిన వారానికి రాచర్ల ఆటో ఎక్కాడు. మాలకొండయ్య తండ్రి ఆదెయ్య దొడ్డిలో గొర్రె గిట్టలు చెక్కుతున్నాడు. కోడలు మల్లి కుర్చీ వేసి, మజ్జిగ కోసం లోపలికి వెళ్లింది. ఈలోగా ఏలీయా జరిగినదంతా చెప్పేశాడు.

ముసలాయన కత్తి పక్కన పెట్టి అరచెయ్యి చాపాడు.

"కొట్టు. ఎట్ల కొట్టినావో చూస్తా."

ఏలీయా మణికట్టు నుంచి తట్టాడు.

"గట్టిగానే ఉంది గదయ్యా! ఇంక నీ తప్పేముంది?"

అంతటితో లేచి వచ్చేయవచ్చు. ఏలీయా లేవలేదు.

"ఇది ఇప్పటి చెయ్యి మామా. ఆ పొద్దు ఇట్ల కాదు."

పలకను తట్టినట్టు తట్టాడు. సరిగ్గా పది.

"ఇంతేనా?" అన్నాడు ఆదెయ్య. అరచెయ్యి మెల్లగా మూసుకుంది.

లోపల గ్లాసుల చప్పుడైంది. ముసలాయన గొంతు తగ్గించాడు.

"మల్లికి చెప్పాకు. మనోడే చూసి పంపించినాడు, చేయాల్సింది చేసినాడని దానికి నిమ్మళం. ఆ ఒక్కటీ తీసేయాకు. ఏటేటా రా. అది పెట్టింది తిను. నాకు మాత్రం ఎదురుపడాకు."

ఆయన గొర్రెను తోలుకుని దొడ్డి వెనక్కి వెళ్లిపోయాడు.

మల్లి గ్లాసు అందించింది. "ఫోను చేసినప్పుడల్లా నీ చెయ్యి గురించే చెప్పేటోడన్నా. అంత నమ్మకమైన చెయ్యి యాడా లేదనేటోడు."

ఏలీయా గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఉప్పు సరిపోయిందా అన్నా?"

"సరిపోయిందమ్మా," అన్నాడు.