చోడవరంలో చుక్కల క్రికెట్

ఆ రోజుల్లో మా చోడవరంలో గొప్పవాడు అనిపించుకోవడానికి గొప్ప పనులేవీ చెయ్యక్కర్లేదు. ఓడ దిగిన వస్తువొకటి ఇంట్లో ఉంటే చాలు. మా బావ ఓడలో ఇంజనీరు. డెబ్బైల ఆఖర్లో ఓసారి సెలవుకొస్తూ ఒక చిన్న టీవీ, దానికి తగిలించి ఆడుకునే ఆటపెట్టె తెచ్చేడు. మా వైపు ఇంకా టీవీ స్టేషనే లేదు కనుక అందులో కనబడేది ఆ ఆట ఒక్కటే. దాని అట్టపెట్టె మీద బొమ్మలో ఒకాయన బ్యాటెత్తి నిలబడ్డాడు, ఎదురుగా బంతి వస్తోంది. ఇంకేముంది, క్రికెట్టే అని తీర్మానించేసేను. (బావని అడిగితే సరిపోయేది. అడగడం నాకు అలవాటు లేదు.)

అప్పటికి నేను చక్కెర ఫ్యాక్టరీలో కొత్త గుమాస్తాని. ఫ్యాక్టరీ క్రికెట్ జట్టులో చోటు కోసం ప్రాణం కొట్టుకునేది. జట్టుని నడిపే బాయిలర్ ఫోర్‌మన్‌ని అందరం కేప్టెన్ మావ అనేవాళ్లం. ఆదివారం అనకాపల్లి వాళ్లతో మ్యాచి. "మా ఇంట్లో టీవీలో క్రికెట్ ఆడొచ్చు మావా, బంతి ఎలా తిరుగుతాదో అందులోనే నేర్చుకోవచ్చు" అని ఊదరగొట్టేను.

"అంత బాగుంటే నిన్నూ ఆడించేస్తాన్రా" అన్నాడాయన.

శనివారం సాయంత్రం మా ముందుగది నిండిపోయింది. చోటు చాలనివాళ్లు వీధరుగు మీద కూర్చున్నారు. బావ మీట నొక్కేడు. తెర మీద అగ్గిపుల్లల్లాంటి మనుషులు, ఒక తెల్లచుక్క. చుక్క వచ్చింది, పుల్ల ఊగింది, చుక్క వెళ్లిపోయింది. మళ్లీ అదే.

"వికెట్లేవిరా?" అన్నాడు కేప్టెన్ మావ.

"ఇది బేస్‌బాల్ అండీ. వికెట్లుండవు" అన్నాడు బావ మర్యాదగా.

"మరి మావోడు క్రికెట్టన్నాడేటి?"

"ఆడికేటి తెల్సు, అట్ట మీద బొమ్మ సూసి సెప్పేసుంటాడు" అంది మా అక్క, ఎప్పుడూ నన్ను కాపాడే మనిషే.

మావ ఆడి చూసేడు. పుల్ల కొట్టి, పరిగెత్తి, ఓ మూల ఆగిపోయింది. "ఇదెక్కడికి పోతందిరా? ఎనక్కి రమ్మను."

జట్టులో నా చోటు కూడా ఆ మూలకే పోతోందని అర్థమైంది. ఏం చెయ్యాలో తెలీక రేడియో ధోరణిలో వ్యాఖ్యానం అందుకున్నాను. చుక్కని మెరుపులా దూసుకొచ్చే బంతిని చేసేను, పుల్లని వీరుణ్ణి చేసేను, లేని జనం చేత కేకలు వేయించేను. గదిలో ఒకాయన ఆవులించేడు. అరుగు మీద మాత్రం చప్పట్లు.

మావ లేచి బయటికెళ్లి, కాసేపు వాళ్లతో కూర్చుని తిరిగొచ్చేడు. "బైటుండి ఇంటే బెమ్మాండంగా ఉందిరా. లోపలికొచ్చి సూస్తేనే ఏటీ లేదు. రేపు నువ్వు ఆడొద్దు గానీ, మైకు పట్టుకో."

మర్నాడు మావాళ్లు చిత్తుగా ఓడిపోయేరు. నా మైకులో మాత్రం పోరాడి పోరాడి వెంట్రుకవాసిలో గెలుపు చేజార్చుకున్నారు. బజార్లో కూర్చుని లౌడుస్పీకరు విన్నవాళ్లు సాయంత్రం మావ చెయ్యి పట్టుకుని "ఏం ఆడేరు బాబూ" అన్నారు. ఆయన ఓసారి నా వైపు చూసేడు గానీ, కాదనలేదు.

ఆ తర్వాత ప్రతి మ్యాచికీ నాకు మైకే. ఆట కోసం కుట్టించుకున్న తెల్లప్యాంటుకి ఏనాడూ మట్టి అంటలేదు. లేనిది ఉన్నట్టు చెప్పే ఆ గుణం ఇంట్లోనూ ఆఫీసులోనూ నన్ను చాలాసార్లు తలదించుకునేలా చేసింది. తప్పు నాదేనని ఒప్పుకుంటాను. కానీ మైకు పట్టుకున్న ఆనాటి కుర్రాడి మీద మాత్రం ఎందుకో కోపం రాదు. మైకు పక్కన పెట్టి ఒక్కసారి బ్యాటు పట్టుకోరా అని వాడితో ఎవరూ అనలేదు. అని ఉంటే మొదటి బంతికే అవుటయ్యేవాడు, పాపం. ఆ అవుటుని మాత్రం ఎంత అందంగా చెప్పేవాడో.