మైకు ఆటో రెబెక్కమ్మ

విడవలూరు చుట్టుపక్కల పల్లెల్లో క్రీస్తురాజు మొహం ఎరగనివాళ్లు ఉన్నారేమో గానీ, గొంతు ఎరగనివాళ్లు లేరు. పెళ్లికి ముందు నుంచే ఆటోకి మైకు కట్టుకుని తిరుగుతున్నాడు. చర్చి కూటాలు, కొత్త అంగళ్లు, గొర్రెల టీకాలు, ఊళ్లో ఎవరైనా పోతే ఆ కబురు, అన్నీ అతని నోటి నుంచే జనానికి చేరేవి. భార్య రెబెక్కమ్మ అలా కాదు. వరండాలో మిషను కుట్టుకునే మనిషి. ఆదివారం చర్చిలో వాక్యం చదవమంటే కళ్లజోడు తేలేదని తప్పించుకునేది.

ఆ ఎండాకాలం క్రీస్తురాజు నాలుక పక్కన చిన్న పుండు లేచింది. పన్ను గీసుకుందన్నాడు. మందుల షాపులో ఏవో మాత్రలు తెచ్చుకున్నాడు. వానలు మొదలైనా అది మానలేదు. ముద్దని ఒక దవడకే నెట్టుకుని తింటున్నాడనీ, పులుసు వడ్డిస్తే వద్దని మజ్జిగన్నం అడుగుతున్నాడనీ కనిపెట్టింది రెబెక్కమ్మే. ఇక అతని మాట వినకుండా నెల్లూరు తీసుకుపోయింది. డాక్టరమ్మ లైటు వేసి చూసింది, మెడంతా తడిమింది, పుండులోంచి చిన్న ముక్క కోసి పరీక్షకు పంపింది.

“రిపోర్టు వచ్చేదాకా ఏమీ చెప్పలేనమ్మా. ఫోన్ చేస్తారు, అప్పుడు ఇద్దరూ రండి,” అంది.

ఆ ‘ఇద్దరూ’ అన్న మాట ఇంటికి వచ్చేదాకా రెబెక్కమ్మని గుచ్చుతూనే ఉంది.

ముక్క కోసిన చోట వాచి క్రీస్తురాజుకి మాట ముద్దగా వచ్చేది. ఫోను మోగుతుందేమోనని చూసుకుంటూ ఇంట్లోనే కూర్చున్నాడు. రెబెక్కమ్మ ఒక జాకెట్టుకి చేతులు తిరగేసి కుట్టి, విప్పి, మళ్లీ అట్లాగే కుట్టింది. ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. అంతలో తుఫాను వస్తోందన్నారు. పంచాయతీ సెక్రటరీ అశోక్ ఇంటికే వచ్చాడు.

“రాజన్నా, సముద్రం పక్క పల్లెలన్నీ తిరిగి చెప్పాల. వేటకి ఎవురూ పోకూడదు. పూరిళ్లలో ఉండేవాళ్లు స్కూల్లోకి వచ్చేయాల.”

క్రీస్తురాజు నోటి వైపు చూపించి చెయ్యి అడ్డంగా ఊపాడు. ఇంకెవరినైనా పిలుద్దామని అశోక్ ఫోను తీశాడు. రెబెక్కమ్మ మిషను దగ్గర నుంచి లేచింది.

“నేను చెప్తాలే అబ్బయ్యా. ఆయన ఆటో తోల్తాడు.”

అనేశాక ఆమెకే వింతగా తోచింది.

మొదటి పల్లెలో ఆటో ఆగగానే మైకు నోటి దగ్గర పెట్టుకుంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక, “అమ్మా, అయ్యా, నేను మైకు రాజు పెళ్లాన్ని,” అంది. జనం బయటికొచ్చారు. రాజుకేమైందని ఒకావిడ అడిగితే, నోటి దగ్గర మైకు ఉందన్న సంగతే మరిచిపోయి, “నాలుక మీద పుండు, ఆసుపత్రి రిపోర్టు కోసం చూస్తుండాం. మీరు ముందు పడవలు పైకి లాక్కోండి,” అని చెప్పేసింది. ముందు సీట్లో క్రీస్తురాజు తల పట్టుకున్నాడు. ఇంట్లో దాచుకున్న సంగతి చీకటి పడేలోగా తీరమంతా తెలిసిపోయింది.

తుఫాను దాటాక, రోడ్ల మీద నీళ్లు ఇంకా తీయకముందే ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. బస్సులో పోతుంటే కోవూరు దాకా రెండు పక్కలా నారుమళ్లు నీట మునిగి ఉన్నాయి.

“క్యాన్సరే. అయితే మరీ ముదరకముందే వచ్చారు,” అంది డాక్టరమ్మ. నాలుకలో కొంత, మెడలో గడ్డలు తీసేయాలంది.

క్రీస్తురాజు అడగలేకపోయాడని రెబెక్కమ్మే అడిగింది. “మాట వస్తదా అమ్మా?”

“వస్తుంది. ముందులా ఉండదు.”

క్యాంటీన్ బెంచీ మీద క్రీస్తురాజు టీ ముట్టలేదు.

“ఆపరేషన్ వద్దు మే. మాట పొయినాక నన్నెవురు పిలుస్తారు?”

“మైకు నేను పట్టుకుంటాలే. ఆటో తోలేదానికి నాకు రాదు, అది నువ్వే తోలాల.”

“నీకు మైకిస్తే ఇంటి సంగతులన్నీ ఊరికి చెప్తావు.”

“చెప్తా. పక్కనుండి ఆపు.”

అతను నవ్వబోయి నొప్పికి ఆగిపోయాడు. లేచి ఆపరేషన్ కాగితాల మీద సంతకం పెట్టడానికి లోపలికి పోయాడు.

ఆపరేషన్ తర్వాత మెడ గడ్డల రిపోర్టు కోసం మళ్లీ ఆగాలి. ఈసారి రెబెక్కమ్మకి దిగులుపడే తీరిక లేదు. ముక్కులో గొట్టం గుండా జావ పొయ్యాలి, కారే చొంగ తుడవాలి, పలక మీద అతను రాసిన అక్షరాలు కూడబలుక్కుని చదవాలి. ఒక గడ్డలో క్యాన్సర్ ఉందని తేలింది. రేడియేషన్ పెట్టారు. గొంతు మండి ఒకరోజు అతను గ్లాసు విసిరికొట్టాడు. ఆమె ముక్కలు ఏరి, బాత్రూంలోకి పోయి ఏడ్చి, మొహం కడుక్కుని, ఇంకో గ్లాసులో జావ తెచ్చింది. ఆ జావ అతను తాగాడు.

ఇప్పుడు క్రీస్తురాజు మాట బయటివాళ్లకి సగమే అర్థమవుతుంది. కబుర్లన్నీ రెబెక్కమ్మే చెబుతోంది. తొందరపడితే అతను వెనక్కి తిరిగి చూస్తాడు, ఆమె నిదానిస్తుంది. కొన్ని అంగళ్ల ప్రకటనలు పెన్‌డ్రైవ్‌లో అతని పాత గొంతుతోనే ఉన్నాయి. అంగడివాళ్లు అవే వెయ్యమంటే వేసి, వింటూ తోలతాడు. మొదట్లో ఆ గొంతు వినలేక రెబెక్కమ్మ ఆటో దిగి నడిచి వచ్చేది. ఇప్పుడు ఆ టైములో వెనక సీట్లో కూర్చుని పిన్నులు పళ్ల మధ్య పెట్టుకుని జాకెట్లకి హుక్కులు కుట్టుకుంటుంది.

మొన్న స్కాను చేశారు. ఎక్కడా ఏమీ కనబడలేదనీ, మళ్లీ వేసవిలో రమ్మనీ డాక్టరమ్మ చెప్పింది. ఆ మధ్యాహ్నమే కామాక్షయ్య అనే ఆయన రొయ్యల మేత కొట్టు తెరుస్తున్నాడు, ఆ కబురు చెప్పడానికి పల్లెలన్నీ తిరగాలి. ఇద్దరూ దారిలో ఎక్కడా ఆగకుండా ఊరికి వచ్చేశారు.