కోళ్ల గూళ్లు కాబోయిన స్పీకర్లు: రెండు కాయిళ్ల కోసం శామీర్‌పేట యాత్ర

స్వహస్తాలతో ప్లైవుడ్ కోసి నేను నిర్మించిన రెండు స్పీకర్ డబ్బాలు నెల రోజులుగా మా మచ్చ బొల్లారం ఇంట్లో మౌనవ్రతం పట్టాయి. ఒక్కోదాంట్లో పెద్ద స్పీకరూ చిన్న స్పీకరూ ఉన్నాయి గానీ, లావు శబ్దాన్ని పెద్దదానికీ సన్న శబ్దాన్ని చిన్నదానికీ పంచే క్రాస్‌ఓవర్ లేదు. అది లేకుండా మోగిస్తే చిన్నది కాలిపోతుంది. శనివారం అన్నాల దగ్గర బాపు తీర్పు వెలువడింది: ఆదివారం సాయంత్రం ఆరింటిలోపు పాడకపోతే వాటిని రావల్కోల్ అత్త, అంటే బాపు చెల్లెలు, కోళ్ల గూళ్లకు పట్టుకుపోతుంది. అత్త అప్పటికే ఫోన్‌లో కొలతలు తీసుకుంది. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే నాలుగు రోజులు. నేనే కట్టుకుందామంటే ఒక్కో డబ్బాకు ఒక కెపాసిటరూ ఒక రాగి తీగ కాయిలూ కావాలి. కనుక యాత్ర అనివార్యమైంది.

ఆదివారం ఎనిమిదింటికి బయలుదేరి, కొంపల్లి దాకా షేర్ ఆటోలో, అక్కడి నుంచి బస్సులో తొమ్మిదిన్నరకల్లా మేడ్చల్ చేరాను. మొత్తం అరవై రూపాయలు. ఎలక్ట్రికల్ షాపులో నాలుగు మైక్రోఫారడ్ల ఫ్యాన్ కెపాసిటర్లు రెండు దొరికాయి. స్పీకర్లకని షాపాయనకు చెప్పాను. "ఫ్యాన్‌కేస్తే తిరుగుతది. పాటకేస్తే ఏమైతదో నాకెర్క లేదు" అన్నాడు. రాగి తీగ కాయిళ్లు మాత్రం శామీర్‌పేటలో బోరు మోటర్లు చుట్టే యాదమ్మ దగ్గరే అవుతాయని పంపించాడు. ఆటోకు రెండు వందల యాభై, అరగంట.

నేను తెచ్చిన రెండు ప్లాస్టిక్ పైపు ముక్కల మీద ఒక్కోటి వంద చుట్లు కావాలని చెప్పగానే యాదమ్మ పని మొదలుపెట్టింది. మధ్యలో నాకు భయం పట్టుకుంది.

"అక్కా, రెండూ ఒక్క తీరే రావాలె."

"అరవై ఏడు" అంది.

వెనక మోటరు విప్పుతున్న ఆమె భర్త నవ్వాడు. "చుట్టేటప్పుడు ఏమడిగినా లెక్కనే చెప్తది తమ్మీ. మా బిడ్డ పెండ్లి మాటలప్పుడు గూడ గంతే."

పదకొండింటికి కాయిళ్లు తయారయ్యాయి. చెయ్యి చాచాను. ఆమె వాటిని వార్నిష్‌లో ముంచి రేకు మీద ఎండబెట్టింది. ఇవి బోరులో దిగేవి కావని, ఆరింటికి నా డబ్బాల్లో కోళ్లు దిగుతాయని విన్నవించుకున్నాను.

"నీళ్లల్ల దిగినా పాటల దిగినా, నేను చుట్టింది కాలొద్దు. ఎండెదాక ఇయ్య."

చెరువు దగ్గరి హోటల్లో చేపల కూర తింటూ జీవితంలో మొదటిసారి ఎండ ఇంకాస్త కాయాలని కోరుకున్నాను. మూడున్నరకు కాయిళ్లు చేతికిచ్చింది. అల్వాల్ వైపు బస్సెక్కి ఇల్లు చేరేసరికి అయిదు. గుమ్మం ముందు ట్రాలీ ఆటో ఉంది. అత్త ఒక డబ్బాకు తాడు కట్టేసింది. నేను రెండో డబ్బా విప్పి, తీగలు అతికించి, ఒగ్గు కథ పెట్టాను. పెద్ద స్పీకర్లో డోలు, చిన్నదాంట్లో తాళాలు, దేనికది విడిగా. బాపు కాసేపు నిలబడి విన్నాడు. తర్వాత వంగి మొదటి డబ్బా తాడు విప్పాడు.

"చెల్లె, కోళ్లకు వేరే చూసుకో."

"ఆగే అన్నా, కథ ఇననియ్యి" అంటూ అత్త అక్కడే కూలబడింది.

పొలాలకు నీళ్లు తోడే మోటర్లు చుట్టడానికి అలవాటుపడ్డ చేతులే మా ఇంటికి డోలు చప్పుడు తోడిపెట్టాయి. విజయం నాదని ఇంట్లో ప్రకటించుకున్నాను గానీ, అందులో రెండు వందల చుట్లు యాదమ్మవి. మీరూ వెళ్లేట్టయితే పైపు ముక్కలు వెంట తీసుకెళ్లండి, వార్నిష్‌కు ఎండ మిగిలేలా పొద్దున్నే చేరండి. చెప్పాల్సింది ఏదైనా మొదటి చుట్టుకు ముందే చెప్పేయండి.